15 ఏళ్ల డీజిల్ లెక్క

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఖరగ్‌పూర్‌కు వలస వచ్చిన తెలుగు కుటుంబాలకు రైలు బతుకుతెరువు. కారు హోదా. అందులోనూ చిన్న డీజిల్ కారంటే లెక్క తెలిసినవాడి కారు. 2010లో స్విఫ్ట్ డీజిల్ కొని ఆనక రిటైరైన రైల్వే ఉద్యోగి ఎవరైనా ఇప్పుడు ఆ లెక్క మళ్లీ వేసుకోవాల్సిందే. 15 ఏళ్లు నిండి 2025లో బండి రిజిస్ట్రేషన్ గడువు తీరింది మరి.

ఫిట్‌నెస్ పరీక్ష గట్టెక్కితే 5 ఏళ్లు పొడిగిస్తారు. రూ.600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్‌లో రూ.5,000 అయింది. అదీ పెద్ద భారమేం కాదు. చిక్కల్లా పొలిమేర దాటాకే. 15 ఏళ్లు పైబడిన వాహనాలను కోల్‌కతా, హౌరాల నుంచి తప్పించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో ఆదేశించింది. ఖరగ్‌పూర్ ఆ పరిధిలో లేదు. కానీ పెద్దాసుపత్రికైనా, విమానానికైనా పరుగెత్తాల్సింది కోల్‌కతాకే.

పోనీ మార్చేద్దామంటే మారుతిలో అలాంటి బండే లేదు. బీఎస్-6 నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్‌లోనే మారుతి డీజిల్‌కు స్వస్తి చెప్పింది. అయినా మళ్లీ డీజిలే ఎందుకు? 2014 అక్టోబర్‌లో ధరపై నియంత్రణ ఎత్తేశాక పెట్రోలుతో తేడా బాగా తగ్గింది. గోల్‌బజార్‌కు, బ్యాంకుకు తిరిగే బండికి మిగిలేదెంత? శ్రీకాకుళం వెళ్లిరావడానికి రైల్వే పాస్ ఉండనే ఉంది.

అలాగని కొత్త కారు కోసం రిటైర్మెంట్ సొమ్ము కదిలించనక్కర్లేదు. ఫిట్‌నెస్ వస్తే ఊళ్లో తిప్పుకుని, కోల్‌కతాకు రైలెక్కడమే మేలు. ఇంజెక్టర్లో, టర్బోనో మొరాయించి మెకానిక్ చెప్పే ఖర్చు కారుకొచ్చే ధరను మించిన రోజున మాత్రం మొహమాటం లేకుండా తుక్కుకు పంపాలి.