మిత్రసంఖ్యలు - మన కర్తవ్యము

17296. ఈ సంఖ్యను చూడగనే మన విద్యార్థి "ఇది పరీక్షలో వచ్చునా?" యని ప్రశ్నించును. రాదు. ఐనను దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరమని మేము తలచుచున్నాము.

ఈ సంఖ్యకు భాజకములు 20 కలవు. 17296ను విడిచి తక్కిన 19 కూడినచో 18416 వచ్చును. 18416ను విడిచి దాని భాజకములు తొమ్మిదియు కూడినచో తిరిగి 17296 వచ్చును. కావున వీనిని మిత్రసంఖ్యలందురు. భాజకముల మొత్తముకంటె చిన్నదగుటచే మొదటిది సమృద్ధ సంఖ్య. పెద్దదగుటచే రెండవది హీన సంఖ్య. మొదటిదాని మిగులు 1120. రెండవదాని కొరతయు 1120.

ప్రాచీన గ్రీకులెరిగిన జంట 220, 284. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరమున సాబిత్ ఇబ్న్ ఖుర్రా ఇట్టి జంటలను కనుగొను సూత్రమును నిరూపణతో సహా అరబ్బీలో వ్రాసెను. ఆ మార్గముననే 1300 ప్రాంతమున ఇరానులో కమాలుద్దీన్ ఫారిసీ, మొరాకోలో ఇబ్నుల్ బన్నా 17296, 18416 జంటను పేర్కొనిరి. ఫ్రాన్సు దేశీయుడగు ఫెర్మా 1636లో దానిని తిరిగి కనుగొనెను. చాలకాలము అది ఫెర్మా పేరనే ప్రసిద్ధినొందినది.

పూర్వుల పేర్లు గ్రంథములకెక్కుట న్యాయమే. కాని "అది మావారు కనుగొన్నదే" యని సభలలో చెప్పుకొని తృప్తినొందుట మాత్రము తగదు. సాబిత్ ముస్లిము కాడు, సాబియన్ మతస్థుడు. గ్రీకు గ్రంథములను చదివి, అరబ్బీలోనికి అనువదించి, అటుపిమ్మట తన సూత్రమును చేర్చెను. ఆనాటి బాగ్దాదు ఘనత వంశమున లేదు. పరిశ్రమయందును, పరుల విద్యను ఆదరించుటయందును కలదు. ఆ వారసత్వము పుట్టుకతో రాదు, పనితోనే వచ్చును.

వయస్సు చాలదని విద్యార్థులు వెనుకాడనక్కరలేదు. మహాగణితవేత్త ఆయిలర్ పదుల కొలది జంటలను కనుగొనియు 1184, 1210 అను చిన్న జంటను గమనింపలేదు. 1866లో దానిని వెల్లడించినవాడు ఇటలీకి చెందిన 16 ఏండ్ల నికోలో పగనీని. జంటలో ఒకటి సరి, మరొకటి బేసి యగుట సాధ్యమా? ఇట్టి జంటలు అనంతముగ కలవా? వీనికి నేటికిని సమాధానము లేదు.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. పరీక్షతో నిమిత్తము లేని గణితమునకు వారమునకొక గంట కేటాయింపుడు. ఉర్దూ మాధ్యమమువారును, తెలుగు మాధ్యమమువారును ఒకే బల్లవద్ద కూర్చుండవలెను. కూడికకు భాషాభేదము లేదు. విద్యార్థులారా! గైడు పుస్తకమును ప్రక్కన పెట్టి, పైన మేము వ్రాసిన లెక్కను మా మాటమీద నమ్మక, మీ చేతితో సరిచూడుడు. అదియే ఆరంభము.