స్వయంపాకము

పూర్వము పల్లెలనుండి పట్టణములకు చదువుకొనవచ్చిన పేద విద్యార్థులు వారములు చేసికొని, అనగా సోమవార మొకయింటను, మంగళవారము వేఱొకయింటను భోజనము కుదుర్చుకొని విద్య గడించెడివారు. అన్నము పెట్టిన ఆ యిల్లాండ్ర ఋణము తీరునది కాదు. 2025 జనవరినుండి ఆంధ్రప్రదేశమునందలి ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో అన్నదానమునకు పేరొందిన డొక్కా సీతమ్మగారి పేర మధ్యాహ్నభోజనము పెట్టుచుండుటయు ఆ సంప్రదాయమునకు తగినట్లే యున్నది. అయినను, ఒకరు పెట్టగా తినుట యెంత హాయియైనను, రాత్రివేళ అద్దెగదిలో ఆకలిగొన్న పిల్లవానికి అక్కఱకు వచ్చునది తన చేతివంటయే.

అతని నడ్డగించునది బద్ధకము కాదు, భయము. ఆ భయమునకు మూలము మన బోధనలోనే యున్నది: కొలతలు చెప్పుదుము గాని కారణములు చెప్పము. గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల ఎసరని వీడియోలో విని వండినవాని అన్నము ఒకనాడు పలుకై, మఱునాడు ముద్దయైనచో, పాతబియ్యము నీరెక్కువ త్రాగుననియు, క్రొత్తబియ్యమునకు ఎసరు తగ్గింపవలయుననియు ఎఱుగని యతడు, తప్పంతయు తన చేతిదే యనుకొని మఱి పొయ్యి మొగము చూడడు. కందిపప్పు మెత్తబడకమునుపే చింతపండు రసము పోసినచో ఆ పులుపునకు పప్పు బిరుసెక్కి యెంతసేపటికిని సరిగా ఉడుకదు. ఉడికిన పిమ్మట పోసినచో ఏ చిక్కును లేదు. ఇట్టి మాటలు నాలుగు చెవిని వేసిన చాలు, సగము బెదురు తీరును.

మన యిండ్లలోనో, అమెరికా వీసా చేతికందుదాక ఈ చదువు మొదలుకాదు. ఒకవైపు ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కరు పెట్టెలో సర్దుచు, ఇంకొకవైపు తల్లి ఆఖరివారమున హడావుడిగా పప్పుచారు నేర్పును. విరటుని కొలువున వలలుడై గరిటె పట్టిన భీముని పేరు చెప్పి వంటను మెచ్చుకొను మనమే, కొడుకును వంటింటి గడప తొక్కనీయము. ఇదియు నొక వింత.

హాస్టలు గదులలో ఇండక్షన్ పొయ్యిలను అగ్నిభయముచేత నిషేధించుట న్యాయమే. కాని నిషేధముతోనే తమ బాధ్యత తీరినదని యాజమాన్యములు తలచుటచేత, పిల్లలు దొంగచాటుగా ఎలక్ట్రిక్ కెటిలులో నూడుల్స్ ఉడికించుకొనుచున్నారు. ప్రతి హాస్టలునందును మెస్సు ప్రక్కన నొక చిన్నగది, రెండు పొయ్యిలు, కొన్ని గిన్నెలు ఏర్పఱచి, ఆదివారమునాడు మెస్సు వంటవారికే అదనపు వేతనమిచ్చి గురుస్థాన మొప్పగింపవలయును. అన్నము ముద్దయైన నాడు పారవేయనీయక, అందులో పాలు, పెరుగు కలిపించి, ఆవాలు, అల్లము, కరివేపాకుతో తిరుగమోత పెట్టించి దద్ధ్యోదనము చేయించుట వంటపుస్తకములకన్న వారికే బాగుగా తెలియును.