గర్భిణి పేరు పక్కన ఎవరి ఫోను నంబరు?

గర్భిణికి రక్తం తక్కువైతే ఇంటిల్లిపాదీ కలవరపడతాం. ఐరన్ మాత్ర వేసుకున్నదా లేదా అని అడుగుతాం, ఆకుకూర వండి పెడతాం. అదే గర్భిణి రాత్రుళ్లు నిద్రపట్టక, కారణం చెప్పలేక కన్నీరు పెట్టుకుంటే "ఈ రోజుల్లో ఇది మామూలే" అని తేల్చివేస్తాం. కొన్ని ఇళ్లలో "సబర్ పట్టు, నమాజు మానకు" అన్న హితవు కూడా తోడవుతుంది. ప్రార్థన మనసుకు ఊరటనిస్తుందనడంలో సందేహం లేదు. కానీ దిగులును ఈమాన్ లోపంగా లెక్కగడితే ఆ స్త్రీ ఇక నోరు విప్పదు. ప్రసవవేదనలో హజ్రత్ మర్యం (అలైహిస్సలాం) తాను అంతకుముందే మరణించి ఉంటే బాగుండునని విలపించిన సంగతి ఖుర్ఆన్‌లోనే ఉంది. ఆమెకు మందలింపు ఎదురుకాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు, తాగడానికి నీరు, తినడానికి ఖర్జూరం లభించాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వర్ధమాన దేశాలలో గర్భిణులలో 15.6 శాతం మంది, ప్రసవానంతరం 19.8 శాతం మంది మానసిక రుగ్మతకు లోనవుతున్నారు. అందులో ప్రధానమైనది కుంగుబాటు. అంటే ప్రతి ఆరేడుగురు గర్భిణులలో ఒకరన్నమాట.

ఈ లెక్కను ఉద్దానానికి తెచ్చి చూద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి అనేక కుటుంబాలను పీడిస్తోంది. ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు తిరుగుతుంటే ఆ భారంలో అధికభాగం కోడలి మీదే పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. పొట్టకూటికి మగవారు దూరప్రాంతాలకు పోవడం ఇక్కడ పాత సంగతే. ఇక 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లింలు ఒక శాతం కూడా లేరు. ఇంత తక్కువమంది ఉన్నచోట సంబంధాలు తరచు దూరం నుంచే కలుపుకోవాలి. అలా వచ్చిన కోడలికి పుట్టిల్లు దగ్గరలో ఉండదు, తన మాట మాట్లాడే పొరుగింటి ఆడపడుచూ ఉండదు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ బోధనాసుపత్రికి వెళ్లాలంటే కవిటి నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నెలలు నిండుతున్న స్త్రీ మనసులో మాట చెప్పుకోవడానికి అంత దూరం పోగలదా?

ఇక్కడే ఫోను అక్కరకు వస్తుంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి, శిక్షణ పొందిన సలహాదారుతో తెలుగులోనే మాట్లాడవచ్చు. అవసరమైతే వారు నిపుణుల వద్దకు పంపుతారు. 2016 నుంచి నడుస్తున్న కిల్కారీ పథకం గర్భం నాలుగో నెల మొదలు బిడ్డకు ఏడాది నిండేవరకు వారానికొకటి చొప్పున 72 సందేశాలను ఫోనులో వినిపిస్తుంది. కిల్కారీ చెబుతుంది, 14416 వింటుంది. దిగులులో ఉన్నవారికి వినేవారే ముందు కావాలి.

మాట్లాడటం వల్ల ఏమవుతుందని అడిగేవారికి రావల్పిండి గ్రామాల అనుభవమే సమాధానం. అక్కడ కుంగుబాటుతో ఉన్న గర్భిణులను, వైద్యులు కాని సాధారణ ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది ఇంటింటికీ వెళ్లి పలకరించారు. ఆ అధ్యయన ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ప్రసవమైన ఆరు నెలలకు, ఆ విధమైన తోడు దొరికిన తల్లులలో 23 శాతం మందిలోనే తీవ్రమైన కుంగుబాటు మిగిలింది. దొరకనివారిలో అది 53 శాతం. వారందరూ మన ఇళ్లలోని స్త్రీల వంటివారే. ఫోనైనా, యాప్ అయినా ఇలాంటి తోడును దగ్గర చేసే మార్గంగా ఉన్నప్పుడే దానికి విలువ.

ఆ మార్గం మధ్యలోనే తెగిపోతున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 53.9 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. కిల్కారీ పిలుపు గర్భిణి నమోదు సమయంలో ఇచ్చిన నంబరుకే వస్తుంది. అది భర్తదైతే, ఆ భర్త సూరత్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటే, సందేశం ఎవరి చెవిన పడినట్లు? ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అత్తగారి గదిలో ఉంటే, అత్తగారి ముందే 14416కు ఏ కోడలు ఫోను చేస్తుంది?

యాప్‌ల విషయంలో జాగ్రత్త కూడా అవసరం. గర్భధారణ వివరాలను ఇతర సంస్థలతో పంచుకున్నదన్న ఆరోపణపై ఫ్లో అనే యాప్ 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థతో రాజీ ఒప్పందానికి రావలసి వచ్చింది. పేరు, మతం, ఆరోగ్యం ఒకేచోట నమోదయ్యే కాలంలో గోప్యత గురించి మైనారిటీ కుటుంబాలు పట్టించుకోకపోతే ఎలా? ప్రాణహాని తలపులు వస్తుంటే యాప్‌తో కాలయాపన చేయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇవి దయాదాక్షిణ్యాల మాటలు కావు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ మత వివక్ష లేకుండా ప్రతి పౌరునికీ మానసిక వైద్యం పొందే హక్కునిచ్చింది. 23వ సెక్షన్ ఆ వివరాలను గోప్యంగా ఉంచే హక్కునిచ్చింది.

కనుక ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది. గర్భిణిని నమోదు చేసేటప్పుడు ఏఎన్ఎం ఆమె సొంత నంబరునే రాయాలి. లేకుంటే ఏ సమయంలో ఫోను ఆమె చేతికి వస్తుందో అడిగి రాయాలి. ప్రతి నెలా 9వ తేదీన జరిగే గర్భిణుల పరీక్షల శిబిరంలో రక్తపోటుతో పాటు నిద్ర, దిగులు, భయం గురించి ఏకాంతంగా అడగాలి. మస్జిద్ కమిటీలు 14416 నంబరును స్త్రీలకు చేరేలా ప్రకటించాలి, ఖతీబులు జుమా ప్రసంగంలో ఒక్కసారైనా ఈ విషయాన్ని ప్రస్తావించాలి.

ఇంటి పెద్దలను కోరేది ఇంకా చిన్నది. రోజుకు అరగంట ఫోను ఆమె చేతికివ్వండి, తలుపు దగ్గరగా వేయండి, ఎవరితో మాట్లాడావని అడగకండి.