మిద్దె మీది సోలార్‌కు ఇంటి ధరలో చోటెంత?

హోసూరులో ఇల్లు కొనేవారు అడిగే ప్రశ్నలు మనందరికీ తెలిసినవే. పట్టా ఎవరి పేరిట ఉంది, ఈసీలో చిక్కులేమైనా ఉన్నాయా, డీటీసీపీ అనుమతి ఉందా, వాకిలి ఎటు చూస్తోంది. ఈ మధ్య వీటికి మరో రెండు చేరాయి. మిద్దె మీద సోలార్ ఉందా? బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి? బ్రోకర్లు కూడా ‘గ్రీన్ హోమ్’ అన్న మాట పట్టుకుని ధర పెంచి చెబుతున్నారు. తాతల నాటి ఇల్లు అమ్మాలా, పడగొట్టి కట్టాలా అన్న ఆలోచనలో మనవారు చాలామంది ఉన్నారు. అందుకే ఈ మాటకు ఎంత విలువ కట్టవచ్చో కాగితం మీద పెట్టి చూద్దాం.

ముందు సోలార్. కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకాన్ని కోటి ఇళ్ల లక్ష్యంతో మొదలుపెట్టింది. 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు అంతకు మించితే మొత్తం 78,000 సబ్సిడీ. 3 కిలోవాట్లకు ప్రభుత్వం వేసుకున్న ఖర్చు 1,45,000. అంటే చేతి నుంచి పడేది 67,000. అమ్మేవాళ్లు ఇంతకంటే ఎక్కువే చెప్పవచ్చు, బేరం చేసుకోవాలి. మన ఎండకు రోజుకు సుమారు 12 యూనిట్లు, రెండు నెలలకు 700 దాకా వస్తాయి.

అయితే తమిళనాడులో రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఎలాగూ ఉచితం. ఆ తరువాతి యూనిట్లకు కూడా రేటు తక్కువే. వాడకం 500 దాటితేనే లెక్క మారుతుంది. అప్పుడు 101 నుంచి 200 వరకు ఉన్న చౌక రేటు పోతుంది, పైన వాడినదానికి పెద్ద రేటు పడుతుంది. కాబట్టి భార్యాభర్తలిద్దరే ఉండి 250 యూనిట్లు కాల్చే ఇంటికి సోలార్ వల్ల మిగిలేది స్వల్పం. గీజరు, మోటారు, ఏసీ, పై అంతస్తులో కొడుకు కాపురం, అన్నీ ఒకే మీటరు మీద నడిచే ఇంటికి అది నిజమైన ఆదా. సోలార్‌కు ఎంత ధర ఇవ్వవచ్చన్నది ఇంటిని బట్టి కాదు, కొనేవారి కుటుంబాన్ని బట్టి ఉంటుంది. బ్రోకరు ఈ మాట చెప్పడు.

పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి. 30×40 సైట్ల వీధిలో దక్షిణపు పొరుగువారు మూడంతస్తులు లేపితే నీడ పడుతుంది. వాస్తు కోసం దక్షిణం ఎత్తుగా ఉండాలని చూసే మనం ఈ నీడ సంగతి కూడా చూసుకోవడం మంచిది. అపార్ట్‌మెంటులో అయితే మిద్దె అందరిదీ. అక్కడ సంఘానికి ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది, కానీ అందరూ ఒప్పుకుంటేనే ఆ పని జరిగేది.

ఇక ఇల్లు చల్లగా ఉండటం. హోసూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంతకంటే బాగా దిగువన, కొండల నడుమ ఉన్న కృష్ణగిరిలో వేసవి వేడి ఎక్కువ. కప్పు మీద తెల్ల సున్నం, పడమటి గోడకు నీడ కృష్ణగిరిలో బిల్లు తగ్గిస్తాయి. హోసూరులో ఆ తేడా అంతగా కనబడదు. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత గోడల నుంచి, కప్పు నుంచి లోపలికి వచ్చే వేడికి హద్దు పెట్టింది. కానీ అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలకు రాసింది. మన 30×40 సైటు 111 చదరపు మీటర్లే. ఇంగ్లండులో ఇల్లు అమ్మాలంటే ఎ నుంచి జి వరకు గ్రేడు వేసిన ఇంధన సామర్థ్య సర్టిఫికెట్ తప్పనిసరి. మన రిజిస్ట్రారు ఆఫీసులో గైడ్‌లైన్ విలువ వీధికీ, సర్వే నంబరుకీ కడతారు. ఇల్లు చల్లనిదా వేడిదా అని అడిగే గడి అందులో లేదు. మందపాటి గోడలు, పెంకుల కప్పు ఉన్న పాత ఇంటికి స్థలం ధరే పలుకుతోంది. కొన్నవాడు మరునెలలోనే పడగొడుతున్నాడు. ఎన్ని వేసవులు చల్లగా ఉంచిన గోడలైనా లెక్కలోకి రావు.

మా దృష్టిలో ఇక్కడ అసలు విలువ కరెంటుది కాదు, నీళ్లది. 2024 వేసవిలో బెంగళూరు నీళ్లకు పడిన పాట్లు అందరూ చూశారు. అక్కడి నుంచి వచ్చి ఇల్లు వెతికేవారికి ఆ భయం ఉంటుంది. మన జిల్లాలో ఫ్లోరైడ్ బాధ వేరే ఉంది. హొగెనకల్ తాగునీటి పథకం ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు వచ్చిందే అందుకు. ఏటి పక్కన ఇల్లు అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర తేలే తెల్లటి నురగ ఒకసారి చూసి రండి.

తమిళనాడులో వాన నీటి సేకరణ 2003లోనే ప్రతి కట్టడానికీ తప్పనిసరి అయింది. చాలా ఇళ్లలో గొట్టం ఉంది, గుంత పూడిపోయింది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే 74,000 లీటర్లు. ఆవిరి, మట్టి పోను 60,000 అనుకున్నా 6,000 లీటర్ల ట్యాంకర్లు పది. పూడిక తీసి, కంకర మార్చి, సంపుకు కలపడానికయ్యే ఖర్చు సోలార్‌తో పోలిస్తే చాలా తక్కువ. రెండేళ్లలో అమ్మాలనుకునేవారు సోలార్‌కు అప్పు చేయవద్దు, ఈ గుంత బాగు చేయించండి. పదేళ్లు అదే ఇంట్లో ఉండేవారు, బిల్లు 500 దాటేవారు సోలార్ పెట్టుకోవచ్చు.

కాగితాల మాట ఒకటి మిగిలింది. మనవారి ఇళ్లలో ఈబీ కార్డు ఇంకా చనిపోయిన తాతగారి పేరిటే నడుస్తూ ఉంటుంది. సబ్సిడీ కనెక్షన్ ఎవరి పేరిట ఉంటే వారికే. ఒకసారి తీసుకున్నవారికి మళ్లీ రాదు. కొనేవారు సేల్ డీడ్‌తో పాటు ఈబీ పేరు మార్పు, నెట్ మీటరు ఒప్పందం, పలకల వారంటీ కాగితాలు చేతికి తీసుకోవాలి. రెండేళ్ల బిల్లులు కూడా అడగాలి. ఇవ్వకపోతే ఆదా గురించి చెప్పిన మాటలు నమ్మనక్కరలేదు. ఫారాలు తమిళంలో వస్తాయి. 2006 చట్టం తరువాత బడికి వెళ్లిన మన పిల్లలకు తమిళం చదవడం వచ్చు, పెద్దలకు తడబాటు. సంతకం పెట్టేముందు మనవడి చేతో, మనవరాలి చేతో ఒకసారి పూర్తిగా చదివించుకోండి. ఇంట్లో చదివేవారు లేకపోతే కాగితాలు పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి, మేము చదివి పెడతాము.