కాకులను లెక్కపెట్టే చదువా?

మా మనుమరాలు విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో చేరింది. విషయం నగర జీవావరణ శాస్త్రం. ఆ శుభవార్త విని బంధువర్గం పెదవి విరిచింది. "జీవావరణమంటే అడవులకు పోవాలి గానీ హైదరాబాదులో ఏముంది? కాకులను లెక్కపెట్టడానికి పిహెచ్‌డీయా?" అని ఒక పెద్దమనిషి నా ఎదుటనే పరిహసించారు. ఆనాడు మర్యాదకు మిన్నకున్నాను. నేడు సమాధానం చెబుతున్నాను.

అయ్యా, ప్రకృతి ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతుందా? 1908 సెప్టెంబరులో మూసీ వేలమందిని పొట్టనబెట్టుకున్నది నగరం నడిబొడ్డుననే. ఆ విపత్తు తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. 2020 అక్టోబరులో కాలనీలు మునిగినప్పుడు వరద ఇళ్ళలోకి వచ్చిందని వాపోయాం. చాలాచోట్ల ఇళ్ళే చెరువులోకి వెళ్ళాయన్న మాట మాత్రం మింగేశాం. అడవులనూ సరస్సులనూ దశాబ్దాలపాటు పరిశీలించే తమ పరిశోధనలో అమెరికావారు 1997లోనే బాల్టిమోర్, ఫీనిక్స్ నగరాలను చేర్చుకున్నారు.

చెరువు మీద గుర్రపుడెక్క పరచుకుంటే మనం ముక్కు మూసుకుని పోతాం. దానిని మేపుతున్నది మన మురుగులోని నత్రజని, భాస్వరమని కొలిచి చెప్పేది ఈ చదువే.

"వ్యాసాలు రాస్తే చెరువు తిరిగి వస్తుందా?" అన్నది మరొక ఆక్షేపణ. రాదు, ఒప్పుకుంటాను. కానీ కొలత లేనిచోట కబ్జాదారు చెప్పిందే హద్దు. కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాలపై వివాదం రేగి, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. అది అడవా, బీడా అన్నదే అక్కడి వాదం. అటువంటి వాదానికి ఆవేశం ఒక్కటే చాలదు. అక్కడ ఏ ప్రాణి బతుకుతున్నదో చూసి, రాసి ఉంచినవారు కావాలి.

మన పెద్దలు సప్తసంతానాలలో కొడుకుతోపాటు తటాకాన్నీ, వనాన్నీ చేర్చారు. మనం కొడుకు పేరిట ఫ్లాటు కొనడానికి ఒక సంతానాన్ని పూడ్చాం, మరొకదానిని నరికాం. ఈ పాపంలో నాకూ వాటా ఉంది. పదవీ విరమణ సొమ్ముతో నేను కొన్న ఇంటి చిరునామాలో 'కుంట' అన్న మాట ఉంది. కుంట లేదు.

అమ్మా, పరికరాలతోపాటు కట్ట, తూము, అలుగు అన్న మాటలనూ వెంట తీసుకుపో. వాటి అర్థమెరిగిన వృద్ధులు బస్తీలలో ఇంకా ఉన్నారు. ముందు వారినడుగు. కాకులను కూడా లెక్కపెట్టు. ఆ లెక్క మా ఇంటి దగ్గరే మొదలుపెట్టు.

స్వస్తి.