ఆరోగ్య విషయములు: రక్తమెక్కించినంతనే చాలునా?



మా నాతవరమున బడిపిల్లలను పొడవు ననుసరించి వరుసగా నిలుపుదురు. ఒక బాలిక మూడేండ్లుగా వరుసకు మొదటనే నిలుచుచున్నదని మా యింటివారు చెప్పిరి. 14 ఏండ్లు నిండినను ఆమె పెద్దమనిషి కాలేదు. తలసీమియా యను వంశపారంపర్య రక్తవ్యాధిచే నామెకు నెలనెలా విశాఖపట్టణమున రక్తమెక్కించుచున్నారు. “రక్తమెక్కుచునే యున్నది గదా, అమ్మగారూ! పొట్టితనము మా యింటి పోలిక” అని తల్లి మాతో ననెను. మేమును మొదట నమ్మితిమి. వైద్యుల నడిగి తెలిసికొనిన పిమ్మట మా యజ్ఞానమునకు సిగ్గుపడితిమి.

ఒక్కొక్క సంచి రక్తమునందు సుమారు 200 మొదలు 250 మిల్లీగ్రాముల యినుము కలదు. అధికమైన యినుమును వెడలగొట్టు మార్గము మన దేహమున లేదు. అది గుండెయందును కాలేయమునందును మాత్రమే గాక, ఎదుగుదలను యౌవనమును నడపు గ్రంథులయందును పేరుకొనును. అందుచే పిల్లలు పొడవు పెరుగరు, యౌవన మాలస్యమగును, కొందరికి మధుమేహమును, థైరాయిడు లోపమును కలుగును. రక్తము చాలనిచో మజ్జ విస్తరించి యెముకలను పలుచన చేయును. దానికి హార్మోనుల లోపమును, డి విటమిను కొరతయు తోడైనచో నవి తేలికగా విరుగును.

కావున తల్లులు చేయవలసిన దేమి? ఇనుమును తొలగించు మందును వైద్యుడు చెప్పినగాని మానరాదు. బలమునకని ఇనుపమాత్రలు తామై యీయరాదు. ఆరునెలల కొకపరి పొడవు కొలిచి వ్రాసి యుంచవలెను. 10 ఏండ్లు వచ్చిన పిమ్మట ఏటేట చక్కెర, థైరాయిడు, కాల్షియము, డి విటమిను పరీక్షలు చేయింపవలెను. బాలికకు 13, బాలునకు 14 ఏండ్లు నిండినను యౌవన లక్షణములు కానరానిచో దాచక వైద్యునకు చెప్పవలెను. దానికి చికిత్స కలదు.

ఇది యెవరి పాపమును కాదు. తల్లిదండ్రు లిరువురును ఆ లక్షణమును మోయువారైనచో ప్రతి కాన్పునను శిశువునకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొకవంతు అవకాశము కలదు. మేనరికములు వాడుకగానున్న మన కుటుంబములలో వివాహమునకు ముందు రక్తపరీక్ష జాతకము కంటె ముఖ్యము. తలసీమియాను, మన్యమునందు కానవచ్చు సికిల్ సెల్ వ్యాధిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించినది. సికిల్ సెల్ నిర్మూలనకై కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రత్యేకోద్యమమును ప్రారంభించినది.

ఆ తల్లి కూతును వైద్యునికి చూపినది, మందు లారంభమైనవి. ఇప్పు డామె గోడమీద బొగ్గుతో గీత గీసి బిడ్డ పొడవు కొలుచుచున్నది. మీ యిరుగుపొరుగున నిట్టి బిడ్డ యున్నచో, ఆ తల్లికి నేడే యీ మాట చెప్పుడు.