నీళ్లు కొలిచాకే ఎకరాలు!

డిసెంబరు ఆఖరి వారం వస్తే చాలు, పుస్తకాల దుకాణాల్లో కొత్త డైరీలు కొలువుదీరతాయి. మొదటి పేజీలో ‘ఈ ఏడాది నా లక్ష్యాలు’ అని రాసుకునేవాళ్లూ చాలామందే. రాబడి రెట్టింపు చేయాలి, రెండో బ్రాంచి తెరవాలి... సంక్రాంతి ముగ్గులు చెరిగేలోపే ఆ పేజీ కాస్తా మరుగున పడిపోతుంది. పట్టుదల లేకనా? ఒక్కోసారి అంతే కావచ్చు. కానీ చాలాసార్లు లోపం లెక్క మొదలుపెట్టిన నెలలోనే ఉంటుంది.

ఖమ్మం జిల్లా వైరానే తీసుకోండి. ఖమ్మం నుంచి తల్లాడ, సత్తుపల్లి మీదుగా రాజమండ్రి వెళ్లే దారిలోని పట్నమిది. అన్ని ఊళ్లలాగే ఇక్కడా పళ్ల డాక్టర్లు, ఆడిటర్లు, ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజినీర్లు ఉంటారు. వీళ్లకు పొలంతో నేరుగా పని ఉండకపోవచ్చు. వీళ్ల మెట్లెక్కేవారి జేబు మాత్రం పొలంలోనే ఉంటుంది. వానాకాలం వరి నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. పత్తి తీతలూ అటూఇటుగా అప్పుడే. మిర్చి కోతలు జనవరి నుంచి ముమ్మరమై మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. బస్తాలు ఖమ్మం యార్డుకెళ్లి డబ్బు చేతికొచ్చాకే ఇంటిమీద అంతస్తు, పెద్దాయనకు కట్టుడు పళ్లు గుర్తొస్తాయి. జూన్ వస్తే విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు. ఆ తర్వాత మూడు నెలలు పన్ను నొప్పిని లవంగంతోనే సరిపెట్టుకుంటారు!

ఇప్పుడో లెక్క చూద్దాం. కొత్తగా క్లినిక్ పెట్టిన ఓ పళ్ల డాక్టరుకు మందులు, ల్యాబు ఖర్చులు పోగా ఏడాదికి 12 లక్షలు వస్తాయనుకుందాం. అంటే నెలకు లక్ష. అద్దె, జీతాలు 32 వేలు, కుర్చీ కోసం తెచ్చిన అప్పు వాయిదా 28 వేలు, ఇంటి ఖర్చు 25 వేలు. మొత్తం 85 వేలు. కాగితంమీద బ్రహ్మాండంగా ఉంది. కానీ జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వచ్చేది 50 వేలే అయితే? నెలకు 35 వేల చొప్పున లక్షా 5 వేలు తగ్గుతుంది. బ్యాంకు వాయిదాకు వానాకాలమని జాలి ఉండదు. మంచి చేతివాటం ఉన్న డాక్టరు కూడా ఆ మూడు నెలల్లో చేబదుళ్లకు తిరగాల్సి వస్తుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో నెలకు 35 వేలు విడిగా ఓ ఖాతాలో వేసుకుంటే ఆ గండం గడిచిపోతుంది. అంతే కదా!

ఈ విద్య నేర్చుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. నిజాం కాలంలో కట్టిన వైరా జలాశయం పక్కనే ఉంది. పూర్తి నీటిమట్టం 18.3 అడుగులు. ఆయకట్టు 17 వేల ఎకరాల పైచిలుకు. యాసంగికి నీళ్లు వదిలేముందు అధికారులు మట్టం చూస్తారు. తాగునీటికి కావాల్సింది పక్కన పెడతారు. మిగిలింది ఎన్ని తడులకు సరిపోతుందో తేల్చుకుని, అప్పుడు చెబుతారు ఎన్ని ఎకరాలో. ముందే ఎకరాలు చెప్పేసి తర్వాత నీళ్లు వెతుక్కుంటే పైరు పొట్టదశలో ఎండిపోతుంది. రెండో బ్రాంచి కథ కూడా అచ్చం అలాంటిదే. పైగా మిర్చి ధరను నమ్మడానికి లేదు. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన తేజ రకం 2025 మొదట్లో బాగా కిందికి దిగింది. కాబట్టి లెక్క ఎప్పుడూ తక్కువ ధర వచ్చిన ఏడాదిని బట్టే వేసుకోవడం మేలు.

మరి అసలు లక్ష్యమే వద్దా? ఎందుకు వద్దు! కాకపోతే అది కొలతకు అందాలి. జామాయిల్, సుబాబుల్ కర్రల లారీలు ఖమ్మం జిల్లా దారులకు కొత్త కాదు. అమెరికాలోని ఓక్లహామాలో అలాంటి కలప లారీల మీదే ఓ ప్రయోగం జరిగింది. గ్యారీ లాథమ్, జేమ్స్ బాల్డెస్ 1975లో దాన్ని ప్రచురించారు. చట్టం అనుమతించే బరువులో డ్రైవర్లు 60 శాతం దాకానే నింపుతుండేవారు. ‘మీకు చేతనైనంత చేయండి’ అంటే మార్పు రాలేదు. ‘94 శాతం నింపండి’ అన్నారు. మొదటి నెలలో 80 శాతానికి చేరింది. రెండో నెలలో 70కి పడిపోయింది! అందుకోకపోతే శిక్ష ఉండదని చెప్పిన మాట నిజమో కాదో డ్రైవర్లు పరీక్షించారన్నమాట. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత 90 దాటి అక్కడే నిలబడింది. ‘ప్రాక్టీసు పెంచాలి’ అని రాసుకోవడానికీ, ‘పోయినేడు వచ్చినవాళ్లలో వారానికి పదిమందికి నేనే ఫోన్ చేయాలి’ అని రాసుకోవడానికీ తేడా ఇదే. ఫిబ్రవరిలో తగ్గిందని డైరీ మూసేయక్కర్లేదని కూడా ఆ లారీలే చెబుతున్నాయి.

ఇక పన్ను సంగతి. మన ఆర్థిక సంవత్సరం 1867 నుంచీ ఏప్రిల్‌తోనే మొదలవుతోంది. జనవరి డైరీ దానికి పట్టదు. ముందస్తు పన్ను జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీలోపు కట్టాలి. సెప్టెంబరు వాయిదా సరిగ్గా గల్లా ఖాళీగా ఉన్నప్పుడే వచ్చిపడుతుంది. రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే పద్ధతికి అర్హులైన డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు మాత్రం మొత్తం ఒకేసారి మార్చి 15లోపు కట్టొచ్చు. మిర్చి డబ్బు తిరిగే కాలమది. ఆడిటరుతో ఈ ఒక్క మాట మాట్లాడుకున్నా కొందరికి సెప్టెంబరు తేలికపడుతుంది.

డైరీలో ఇంకో పేజీ బాకీలకు ఇవ్వాలి. పేరు, మొత్తం రాస్తే సరిపోదు. ఆ మనిషి వేసిన పంటేమిటో, ఏ నెలలో అమ్ముతాడో కూడా పక్కన రాయాలి. మిర్చి రైతుకు అక్టోబరులో ఫోన్ చేస్తే ఇద్దరికీ మొహమాటం. అదే ఫిబ్రవరిలో చేస్తే, ‘రేపు యార్డుకు పోతున్నా డాక్టరుగారూ, వచ్చేటప్పుడు ఇచ్చిపోతా’ అంటాడు.